అక్షరాల్లో నిలిచిన నీళ్ళు

మా ఊర్లో బిడ్డ పాలు తాగకపోతే ముందు దొరసాని బండ కాడికి పోతారు. ఆసుపత్రి ఆ తర్వాత. ఈ ఊరికి కోడలుగా వచ్చిన కొత్తలో ఈ మాట విని నవ్వినాను. అప్పుడు నాకు బిడ్డ లేదు కాబట్టి నవ్వొచ్చింది.

బండ ఊరికి తూర్పున, రాళ్ళగుట్ట కింద ఉంది. చుట్టూ ఒకప్పుడు మట్టిగోడ ఉన్నిందంట, ఇప్పుడది మోకాలెత్తు కూడా లేదు. లోపల రెండు తుమ్మచెట్లు, వాటి మధ్య అడుగెత్తు కట్ట, కట్ట మీద మంచమంత నల్లబండ. దాని పక్కనే నేలకు అతుక్కొని ఇంకో రెండు చిన్న బండలు. గుట్ట మీద గాలిమరలు తిరుగుతుంటాయి. పొద్దున పూట వాటి రెక్కల నీడ బండ మీద పడి, లేచి, మళ్ళీ పడుతుంది. ఎవరో పక్కన నడిచిపోయినట్టే ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

మగోళ్ళు అక్కడికి పోరు. పెండ్లి కాని పిల్లలను పోనీయరు. బిడ్డతల్లి, ఆమె వెంట ఒక పెద్దామె, అంతే. ఆ కింద పడుకున్నది తెల్ల దొరసాని అంట. ఈ దిక్కు దారులు వేయించిన దొర పెండ్లామంట. చానామంది బిడ్డలను కనిందంట, ఒక్కరూ పోలేదంట, అందరూ పెద్దై కలెక్టర్లయినారంట. బండ మీద చెక్కింది ఆ బిడ్డల పేర్లేనంట. అందుకని బండ కడిగి, అక్షరాల్లో నిలిచిన నీళ్ళు వేలితో తీసి బిడ్డ నాలిక్కి రాస్తే, దొరసాని బిడ్డల ఆయుస్సు మన బిడ్డకు అంటుతుంది. మంగళవారం ఒక కడుగు, శుక్రవారం ఒక కడుగు, మళ్ళీ మంగళవారం ఒక కడుగు. మూడు కడుగులూ అయ్యేదాకా బిడ్డను పొలిమేర దాటించకూడదు, వేరే మందు పోయకూడదు. దాటిస్తే పట్టు విడిచినట్టే.

ఇదంతా నాకు చెప్పింది మా అత్త కదిరమ్మ. ఆమె నమ్మకానికి సాక్ష్యం మా ఆయన వీరేషే. చిన్నప్పుడు కండ్లు తేలేసినోడు మూడో కడుగుకు లేచి ఏడ్చినాడంట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకొని, గట్టిగా పట్టుకొని చెప్పేది.

వీరేష్ బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోతాడు. చెనిక్కాయ పైరు ఎండిన ఏడు మొదటిసారి పోయినాడు. ఆ తర్వాత పండినా ఎండినా పోయేదే అలవాటైపోయింది. ఇంట్లో నేను, అత్త, మా చాందిని. నాకు అమ్మ లేదు. నేను తొమ్మిదిలో ఉండగా ఆమె పోయింది, బడి కూడా అక్కడికే నిలిచిపోయింది. నాయన గొర్రెల వెంట ఏ బీడులో ఉంటాడో, ఫోన్ కొడితే ఎత్తడు. ఊర్లో అందరూ మంచోళ్ళే. కానీ ఏ మాటైనా రెండోసారి అడగాలంటే నాకు ఎవరూ లేరు.

చాందిని పుట్టినప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. బిడ్డ నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. ఊపిరి తగిలితే తీస్తాను. కొంచేపటికి మళ్ళీ పెడతాను. ఆ వేలితోనే బిడ్డను లేపుతావు పో అని అత్త తిట్టేది. ఆ తిట్టు కూడా నాకు బాగుండేది. పగలంతా ఇంట్లో వినపడేది ఆమె గొంతొక్కటే.

చాందినికి ఆరో నెల నడుస్తుండగా బేదులు పట్టుకున్నాయి. మొదటి రోజు పండ్లు వస్తాయేమో అన్నారు. రెండో రోజుకు బిడ్డ రొమ్ము నోట్లో పెట్టుకొని చప్పరించకుండా వదిలేసింది. పేటలో ఉండే కృపాకుమారి వచ్చి చూసింది. ఆమె మా ఊరి ఆశా కార్యకర్త, బాలింతల ఇండ్లన్నీ ఆమే తిరుగుతుంది. ఉప్పూ చక్కెర కలిసిన పొడి ప్యాకెట్లు రెండు చేతిలో పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి చెంచాతో తాపమని చెప్పింది. తగ్గకపోతే నాన్చకుండా ఉరవకొండ ఆసుపత్రికి తీసుకొని పొమ్మని చెప్పింది. అత్త వాకిట్లో కూర్చొని బియ్యం చెరుగుతూ అంతా విని, రేపు మంగళవారం, దొరసాని కాడికి పోతాండాము అనింది.

కృపాకుమారి నవ్వింది. "మా మతం ఆయమ్మకు మీరు పసుపు పూసి కుంకం పెడ్తాండారు. లేసి అడిగితే ఏం చెప్తావు పెద్దమ్మా?"

"అడగదులే. టీ తాగి గమ్మునుంటాది," అనింది అత్త, చేట దించకుండానే.

ఆ టీ మాట నిజమే. దొరసానికి కొబ్బరికాయ కొట్టరు. ఒక బన్ను, ఒక గ్లాసు టీ పెడతారు. తర్వాత బన్ను చీమలపాలు, టీ ఎండపాలు.

మంగళవారం పొద్దున్నే పోయినాము. అత్తకు మోకాళ్ళ నొప్పి, కట్ట ఎక్కలేదు. గోడ కాడే కూర్చొని ఏమేం చెయ్యాలో చెప్తా ఉన్నింది. బిడ్డను చిన్న బండ మీద దుప్పటి పరిచి పడుకోబెట్టమనింది. ఆ బండలు అందుకే ఉన్నాయంట. ఒకదాని మీద బిడ్డను పడుకోబెట్టేదానికి, ఇంకోదాని మీద తల్లి కూర్చొని పాలిచ్చేదానికి. నేను కడవ నీళ్ళు పోసి కడిగినాను. ఏండ్ల తరబడి పూసిన పసుపు, నూనె, సున్నం పొరలు పొరలుగా గట్టిపడి, పైవరసలో పెద్ద అక్షరాలు నాలుగైదు మాత్రమే గుంటలుగా కనపడినాయి. కింద అంతా నున్నగా మూసుకుపోయి ఉంది. ఆ పెద్ద గుంటల్లో నిలిచిన నీళ్ళు వేలితో తీసి బిడ్డ నాలిక్కి రాసినాను. బిడ్డ నా వేలు చప్పరించింది. రొమ్ము చప్పరించని బిడ్డ వేలు చప్పరించిందని నాకు ఏడుపొచ్చింది.

పసుపు పూసేటప్పుడు అత్త గోడ కాడి నుంచి ఒకటే మాట.

"అంచు తిన్నగా రావల్ల హేమా. వంకర పోనీయద్దు. చూసి పుయ్యి."

పూసినాక కూడా అడిగింది, వంకర పోలేదు కదా అని. పోలేదన్నాను. ఇంటికొచ్చినాక మళ్ళీ అడిగింది.

బుధవారం బేదులు తగ్గలేదు. గురువారం బిడ్డ ఏడవడం మానేసింది. ఏడుపు ఆగిందని పక్కింటోళ్ళు సంతోషపడినారు. మాడు మీద చెయ్యి పెడితే గుంత తగిలింది. గుడ్డలు తడపడం లేదు. బేదులకు తప్ప ఉచ్చకు తడపడం లేదు, అది నాకు అప్పుడే తట్టింది. ఆ మాట అత్తతో చెప్పినాను. ఆమె బిడ్డ మొహం వైపు చూసి, తొందరగా చూపు తిప్పుకొని, రేపు శుక్రవారమే కదా, రెండో కడుగు అయితే నెమ్మదిస్తుంది అనింది. ప్యాకెట్ కలుపుతానంటే, పట్టులో ఉండి వేరే మందు పోస్తే రెండూ చెడతాయి అనింది. కోపంగా అనలేదు. బతిమాలినట్టు అనింది. అందుకే ఎదురు చెప్పలేకపోయినాను.

వీరేష్‌కు ఫోన్ చేసినాను. వెనక కాంక్రీటు మిషన్ మోత. బిడ్డకు బాగలేదు, ఉరవకొండకు పోతాను అని రెండుసార్లు అరిచి చెప్పినాను.

"నన్ను బతికిచ్చింది ఆయమ్మే గదా. అమ్మ చెప్పినట్టు ఇను," అన్నాడు. తర్వాత కొంచేపు మిషన్ మోత ఒక్కటే వినపడింది. పెట్టేసినాడేమో అనుకున్నాను. పెట్టలేదు. "నాకు భయమైతాంది హేమా," అని, అప్పుడు పెట్టేసినాడు.

అతనికి భయం వేస్తే నాకు చెప్పుకున్నాడు. నా భయం చెప్పుకునేదానికి ఎవరున్నారని ఇల్లంతా చూసినాను. చాందిని కండ్లు సగం తెరుచుకొని దూలం దిక్కు చూస్తూ ఉంది.

శుక్రవారం పొద్దున బండ కాడికి పోయేటప్పుడు నేను మూడు పనులు చేసినాను. కృపాకుమారి ఇచ్చిన ప్యాకెట్ ఒకటి నడుముకు దోపుకున్నాను. పీచు, సీకాయ పొడి సంచిలో వేసుకున్నాను. బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూసినాను.

పీచు ఎందుకంటే, మంగళవారం నేను సరిగ్గా కడగలేదేమో అని నా మనసులో పడింది. పైవరస నీళ్ళు మాత్రమే తీసినాను. దొరసానికి చానామంది బిడ్డలు కదా. కింద వరసల్లో ఇంకెవరెవరి పేర్లు ఉన్నాయో. ఆ బిడ్డల ఆయుస్సు కూడా తీసుకోకుండా ఒక్క పేరుతో సరిపెట్టినానేమో. అందుకే బిడ్డకు నెమ్మదించలేదేమో. ఒక్క పేరు కూడా వదలకూడదని అనుకున్నాను.

అత్త గోడ కాడ కూర్చుంది. బిడ్డను చిన్న బండ మీద పడుకోబెట్టి, సీకాయ పొడి చల్లి రుద్దడం మొదలుపెట్టినాను. పసుపు పేలికలుగా లేచింది. దాని కింద సున్నం, సున్నం కింద నల్లటి జిడ్డు. జిడ్డు కింద అక్షరాలు. రుద్దేకొద్దీ వరసలు వచ్చినాయి. అంత సన్నగా, అంత ముద్దుగా చెక్కిన అక్షరాలు ఈ ఊర్లో ఎవరూ చూసుండరు. వచ్చేవాళ్ళందరూ బిడ్డతల్లులు. ఒక చేత బిడ్డ, ఒక చేత కడవ. చదువుకున్న పిల్లలను పెండ్లయ్యేదాకా రానీయరు, పెండ్లయినాక వాళ్ళు వేరే ఊర్లకు పోతారు.

నీళ్ళు పోసినాను. అన్ని అక్షరాల్లోనూ నీళ్ళు నిలిచి మెరిసినాయి. మొదటి అక్షరంలో వేలు పెట్టినాను.

ఇంగ్లీషు నేను గడగడా చదవలేను. కూడబలుక్కుంటాను. ఆవేళ కంటితో కాదు, వేలితో చదివినాను. అక్షరం లోపల వేలు నడిపితే అది ఏ అక్షరమో చెయ్యే చెప్పింది. పైవరస దొరసాని పేరు. ఎలెన్. దాని కింద వైఫ్ అని ఉంది. ఆ మాట మా రేషన్ కార్డులో కూడా ఉంది, నా పేరు పక్కన. దాని పక్కన ఏజ్ అని, తర్వాత ఇరవై ఆరు. ఇరవై ఆరేండ్ల మనిషా ఈమె. నా మనసులో ఇన్ని దినాలూ ముగ్గుబుట్ట లాంటి తల ఉన్న ముసలామె ఉన్నింది. ఆమె నాకంటే నాలుగేండ్లు పెద్దది, అంతే.

ఆ తర్వాత వరసలో జార్జ్. పేరు దొరికిందని సంతోషంగా నీళ్ళు తీయబోయినాను. పేరు పక్కన మళ్ళీ ఏజ్, ఏడు, దాని పక్కన ఎమ్ తో మొదలయ్యే మాట. మంత్స్. ఏడు నెలలు. కలెక్టరైనోడికి ఏడు నెలల వయసు ఎందుకు చెక్కుతారు? తప్పు చదివినానని మళ్ళీ వేలు నడిపినాను. ఏడు నెలలే. కింద మేరీ. ఒక సంవత్సరం. దాని కింద హెన్రీ, నాలుగు నెలలు. హెన్రీ పక్కన ఇంకా చాలా మాటలున్నాయి. డి, ఐ, ఈ, డి.

ఎనిమిదిలో మా సారు క్రియలు వల్లె వేయించేవాడు. ఈట్, ఏట్, ఈటెన్. గో, వెంట్, గాన్. డై, డైడ్, డైడ్. క్లాసంతా ఒకే గొంతుతో అరిచేవాళ్ళం. అర్థం పట్టించుకోకుండా అరిచేవాళ్ళం.

డైడ్ ఆన్ ది రోడ్ టు. ఆ తర్వాత మాట పెద్దది. బి, ఈ, ఎల్, ఎల్. కూడబలుక్కుంటే బళ్ళారి అని వచ్చింది.

బళ్ళారి దారిలో పోయినాడు.

నా వేలు ఇంకా ఆ అక్షరంలోనే ఉంది. గాలిమర నీడ చేతి మీద పడి లేచింది. నేను తల తిప్పి చిన్న బండలు చూసినాను. రెండు. ముగ్గురిలో ఇద్దరు ఈడనే పోయినారు, మూడోవాడు దారిలో పోయినాడు. రెండు బండలే ఉన్నాయి. ఒకదాని మీద నా బిడ్డ పడుకొని ఉంది.

ఎట్లా లేచినానో తెలీదు. బిడ్డను ఎత్తి రొమ్ముకు అదుముకున్నాను. తల ఎటు వంచితే అటు వాలిపోయింది.

నాకు ఆ దొరసాని కనపడింది. మొదటి బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఇంట్లోనే ఉండి చూసింటుంది, రేపటికి తగ్గుతాదిలే అని. రెండో బిడ్డకూ ఎవరో ఏదో చెప్పింటారు, ఆగింటుంది. మూడోవాని నాటికి ఇంక ఎవరి మాటా వినకుండా బండి కట్టించింటుంది. బళ్ళారిలో డాక్టరు ఉంటాడని ఆ ఎండలో, ఆ దారిలో బయలుదేరింది. అప్పటికే ఆలస్యమైపోయింది. మూడోసారి చేసిన పని మొదటిసారే చేసింటే అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. అనుకునేదానికి కూడా పక్కన మాట్లాడే మనిషి ఉన్నిందో లేదో.

గోడ కాడికి వచ్చి అత్తతో చెప్పినాను. బండ మీద ఉన్నవి బిడ్డల పేర్లే, కానీ బతికినోళ్ళవి కావు, ముగ్గురూ ఏడాది దాటకుండానే పోయినారు అని.

అత్త మొహం మీద రంగు మారింది. "ఎవరు చెప్పిరి నీకు?"

"బండ మీదే ఉండాది అత్తా. నేను చదివినాను."

ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉన్నింది. టీ కోసం తిప్పిన మూతను మళ్ళీ బిగించింది. మళ్ళీ తిప్పింది. నేను ఆమె మాట కోసం ఆగలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దిక్కు నడిచినాను. ఊరి చివర సున్నం కొట్టిన పొలిమేర రాయి ఉంది. అక్కడికి వచ్చేసరికి వెనక నుంచి ఒక్క పిలుపు వినపడింది.

"హేమా, పట్టు విడిచిపోతాదే."

రాయి దాటినాను. కాలి కింద మట్టి ఏమీ మారలేదు. బిడ్డకు ఏమన్నా అయితే, పట్టు విడిచినందుకే అయిందంటారు. ఊరంతా అంటుంది, వీరేష్ కూడా అంటాడు. ఆ మాటతోనే జీవితమంతా ఈ ఊర్లో బతకాలి.

ఉరవకొండ మార్కెట్టుకు టమోటా డబ్బాలు వేసుకొని మా ఊరి ఆంజి ఆటో వచ్చింది. చెయ్యెత్తినాను. డబ్బాల మధ్య సందు చేసి కూర్చోబెట్టినాడు. తొందరగా పో అన్నాను. "ఇది విమానం కాదక్కా, నీకోసం ఎగరల్లంటే రెక్కలు ఆ గుట్ట మీదివి పీకి పెట్టల్ల," అన్నాడు. తర్వాత అద్దంలో బిడ్డను చూసినాడు. గుంతలు వస్తే తప్పించి, తప్పించలేనిచోట నెమ్మదిగా దించి, మిగతా చోట్ల ఉన్నంత స్పీడుగా పోనిచ్చినాడు.

అతని దగ్గర ప్లాంటు నీళ్ళ బాటిల్ ఉంటే అడిగి తీసుకున్నాను. నడుములో ప్యాకెట్ తీసి పండ్లతో చించి కలిపినాను. చెంచా లేదు. బాటిల్ మూతలో పోసి పెదాల మీద పెట్టినాను. కారిపోయింది. మళ్ళీ పోసినాను. కారిపోయింది. వేలు ముంచి నాలిక మీద రాసినాను, బండ కాడ రాసినట్టే. నాలిక కొంచెం కదిలింది. మళ్ళీ రాసినాను. ఎంతసేపు రాసినానో. రెండు దిక్కులా ఎండిపోయిన చెనిక్కాయ చేన్లు పోతానే ఉన్నాయి. ఎక్కడా మనిషి లేడు.

మా దారి పెద్దరోడ్డులో కలిసేచోట పచ్చ బోర్డు ఉంది. ఎన్నిసార్లు చూసినా ఎప్పుడూ చదవలేదు. ఆవేళ చదివినాను. బళ్ళారి అని, పక్కన బాణం గుర్తు. ఆ దొరసాని పోయిన దారే ఇది. ఏ చెట్టు కాడ ఆమె బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూసి, ఊపిరి తగలక బండి ఆపమనిందో. నేను కూడా వేలు పెట్టినాను. ఆటో ఊపుకు, గాలికి ఏమీ తెలియలేదు. ఆంజిని ఆపమనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆపితే తెలిసిపోతుంది. పోనీ, పోనీ అన్నాను.

ఉరవకొండ ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డ కడుపు మీద చర్మం పట్టి వదిలి చూసింది. చర్మం ముడత పడి అట్లే నిలబడింది. ఆమె వెంటనే నర్సును పిలిచింది. చేతికి నరం దొరకలేదు, కాలికి దొరకలేదు, చివరికి తల పక్కన దొరికింది. నన్ను బయట ఉండమన్నారు. నేను పోలేదు. ఏ నీళ్ళు తాపిచ్చినావని డాక్టరమ్మ అడిగితే, బండ నీళ్ళు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నర్సుకు అర్థమైంది. ఆమె నా దిక్కు చూసి, తల దించుకొని సెలైన్ సీసా సరిచేసింది. ఆమె ఊరు కూడా మా దిక్కేనేమో.

మధ్యాహ్నం పోయి సాయంత్రమైంది. బిడ్డను నా ఒళ్ళో పడుకోబెట్టుకోనిచ్చినారు. వీరేష్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు, బస్సు ఎక్కినానని చెప్పినాడు. నేను ఊ కొడుతూ సీసాలో బొట్లు చూస్తూ కూర్చున్నాను. పక్క మంచాల మీద అందరికీ ఒకరో ఇద్దరో ఉన్నారు. అన్నం క్యారియర్లు తెరుస్తున్నారు. ఒకామె నాకు ముద్ద పెట్టబోయింది. నోరు తెరవలేకపోయినాను.

అప్పుడు నా ఒళ్ళో వెచ్చగా తడిసింది. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై కదలకుండా కూర్చున్నాను. చీర తడిసి మంచం మీదికి కారింది. నర్సు వచ్చి చూసి నవ్వి, ఇంగ భయం లేదమ్మా, గుడ్డ మార్చు అనింది. నేను వెంటనే మార్చలేదు. ఆ వెచ్చదనం చల్లారేదాకా అట్లే ఉన్నాను.

మరుసటి రోజు మొదటి బస్సుకు అత్త వచ్చింది. ఒక సంచిలో నా చెప్పులు, చీర, బిడ్డ గుడ్డలు, ఇంకో చేతిలో ఫ్లాస్కు. మంచం కాడికి వచ్చి బిడ్డను చూసింది. చాందిని నా కొంగు నోట్లో పెట్టుకొని చప్పరిస్తూ ఉన్నింది. అత్త మంచం పక్కన కింద కూర్చుంది. తిట్టదు, ఏడవదు. నేల దిక్కు చూస్తూ మాట్లాడింది.

"వీరేష్ కన్నా ముందు ఒకతి ఉండె."

నేను ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఆ మాటే లేదు.

ఆ బిడ్డకు కూడా మూడు కడుగులూ చేసిందంట. పొలిమేర దాటలేదు, వేరే మందు పోయలేదు. మూడో కడుగు నాడు బండ మీద పసుపు పూస్తుండగానే బిడ్డ పోయింది. పసుపు అంచు వంకర పోయింది, అందుకే దొరసానికి కోపమొచ్చింది అన్నారు. వాళ్ళ అత్త అనింది, ఊరంతా అనింది. బిడ్డను చేని గట్టు కింద పెట్టినారు. ఆ గట్టు ఇప్పుడు లేదు. గాలిమరలకు దారి వేసినప్పుడు చదును చేసినారు. వీరేష్‌కు జబ్బు చేసినప్పుడు చెయ్యి వణకకుండా, ఊపిరి బిగబట్టి పసుపు పూసిందంట. వాడు బతికినాడు. తిన్నగా పూసినందుకే బతికినాడని ఇన్నేండ్లూ అనుకుంది. అంటే మొదటిది తన చేతివల్లే పోయిందనే కదా అనుకున్నట్టు.

"చెయ్యి వంకర పోలేదు హేమా," అనింది. "నాకు బాగా యాదుండాది. తిన్నగానే పూసినాను."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఫ్లాస్కు తెరిచి టీ పోసి ఇచ్చినాను. నిన్నటి టీ. చల్లగా, చేదుగా ఉన్నింది. ఇద్దరమూ తాగినాము.

బిడ్డను తీసుకొని ఊరికి వచ్చినాము. వీరేష్ కొన్ని దినాలు బిడ్డను కింద దించకుండా ఎత్తుకొని తిరిగి, మళ్ళీ బెంగళూరుకు పోయినాడు. పట్టు విడిచినదాన్ని కాబట్టి కొందరు నాతో మాటలు తగ్గించినారు. బండ మీది మాట చెప్పినా నమ్మినోళ్ళు తక్కువ. పక్క ఊరి నుంచి ఒకామె బిడ్డను ఎత్తుకొని వచ్చి కడుగు గురించి మా అత్తను అడిగితే మాత్రం, ముందు ఉరవకొండకు పోయిరా పో, ఆయమ్మ యాడికీ పోదులే అని పంపించింది.

ఒక పొద్దున అత్త తానే కడవ ఎత్తుకుంది. చాందినిని చంకనేసుకొని నేను వెనకే పోయినాను. మోకాళ్ళు పట్టుకొని, నా భుజం పట్టుకొని, ఆమె చానా ఏండ్లకు కట్ట ఎక్కింది. చిన్న బండల మీద కూర్చోలేదు. పసుపు తేలేదు. నీళ్ళు పోసి, చదువు అనింది. చదివినాను. ఎలెన్, జార్జ్, మేరీ, హెన్రీ. ఏ వరస ఎవరిదో చూపించినాను.

"ఈడ లేనోడు ఏడి?"

హెన్రీ పేరు మీద ఆమె వేలు పెట్టించినాను.

"వీనికి బండ లేదు గదా."

"లేదత్తా. పేరొకటే ఉండాది."

"పేరొకటి ఉండాది," అనింది. ఆ తర్వాత కొంచేపు గుట్ట దిక్కు, గాలిమరల దారి దిక్కు చూసింది. "మా పాపను గంగా అని పిలుస్తాంటి. అదెట్ల రాస్తారు?"

హెన్రీ వరస కింద బండ నీళ్ళు ఆరి, ఖాళీగా, నున్నగా ఉంది. వేలు తడి చేసుకొని రాసినాను. రెండక్షరాలే. అత్త వంగి చూసింది. ఎండ అప్పటికే కాక మీద ఉంది. ఆమె రెండో అక్షరం చూసేలోపల మొదటిది ఆరిపోయింది.

"మళ్ళీ రాయి," అనింది.

గాలిమర నీడ మా మీద పడి లేచింది. నేను వేలు ముంచి మళ్ళీ రాసినాను.